పత్రాల్లోంచి విధానాన్ని చదవడం: సామూహిక విధ్వంసక ఆయుధాల నియంత్రణపై స్వయం అధ్యయనం – 3వ భాగం

మొదటి భాగంలో అణు, రసాయన, జీవ ఆయుధాల ఒప్పందాలన్నిటినీ ఒకసారి చుట్టి వచ్చాం. రెండో భాగంలో ప్రశ్నని చిన్నది చేసుకోవడం నేర్చుకున్నాం. "ఫలానా దేశపు అణు విధానం ఏమిటి?" అని మొదలుపెడితే ఎక్కడ వెతకాలో కూడా తోచదు. "ఫలానా ఏడాది ఆ ప్రభుత్వం ఈ తీర్మానానికి వ్యతిరేకంగా ఎందుకు ఓటేసింది?" అని అడిగితే దారి కనిపిస్తుంది. ఈసారి అసలు పనిలోకి దిగుదాం. ఒకే ఒక్క ప్రభుత్వ నిర్ణయాన్ని తీసుకుని, దాని చుట్టూ పుట్టిన పత్రాలను పక్కపక్కన పెట్టి చదువుదాం.

ప్రభుత్వ విధానం ఏ ఒక్క కాగితంలోనూ పూర్తిగా దొరకదు. నాయకుడు ప్రజలకు చెప్పేది ఒకటి. అధికారులకు లోపల వెళ్లే ఆదేశం ఇంకొకటి. చట్టసభ ఆమోదించేది మరొకటి. చివరికి గోదాముల్లో, ప్రయోగశాలల్లో జరిగేది వేరే. ఈ నాలుగూ ఒకే మాట చెప్పడం అరుదు. తేడా ఎక్కడ వచ్చిందో, ఎందుకు వచ్చిందో చెప్పగలిగితే మీరు విధాన పరిశోధన చేసినట్టే.

సంతకం దగ్గర ఆగిపోకండి

కొత్తగా చదివేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఒక దేశం ఒప్పందంపై సంతకం చేసిందంటే దానికి కట్టుబడినట్టే అనుకుంటారు. మామూలుగా సంతకం తర్వాత ధ్రువీకరణ ఉంటుంది, అంటే ఆ దేశ రాజ్యాంగం చెప్పిన పద్ధతిలో ఆమోదం పొందడం. ఆ పైన ఒప్పందం అమల్లోకి రావడానికి వేరే షరతులుంటాయి. సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందాన్నే చూడండి. 1996 సెప్టెంబర్ 24న సంతకాలు మొదలయ్యాయి. ఒప్పందం అనుబంధంలో పేర్లు రాసిన 44 దేశాలూ ధ్రువీకరిస్తే తప్ప అది అమల్లోకి రాదు. అమెరికా మొదట్లోనే సంతకం చేసింది, కానీ 1999 అక్టోబర్‌లో అక్కడి సెనేట్ దాన్ని తిరస్కరించింది. రష్యా 2000లో ధ్రువీకరించి, 2023లో ఆ ధ్రువీకరణను వెనక్కి తీసుకుంది. భారత్, పాకిస్తాన్, ఉత్తర కొరియా సంతకమే చేయలేదు. అందుకే మీ నోట్సులో "ఒప్పందంలో ఉంది" అని ఎప్పుడూ రాయకండి. సంతకం తేదీ, ధ్రువీకరణ తేదీ, మినహాయింపులు ఏమైనా పెట్టిందా, తర్వాత వైదొలగిందా అనేవి విడివిడిగా రాయండి.

మినహాయింపుల గురించి ఒక మాట. 1925 నాటి జెనీవా ప్రోటోకాల్ యుద్ధంలో విషవాయువులనూ సూక్ష్మజీవులనూ వాడకూడదని చెప్పింది. అయితే చాలా దేశాలు దాన్ని ధ్రువీకరిస్తూనే, శత్రువు ముందుగా వాడితే తాము కట్టుబడి ఉండబోమని రాసిపెట్టాయి. దాంతో ఆ నిషేధం చాలావరకు "మొదట వాడం" అనే హామీగా మిగిలింది. ప్రోటోకాల్ పాఠం ఒక్కటే చదివినవారికి ఈ సంగతి తెలియదు. ధ్రువీకరణతో పాటు దాఖలైన ప్రకటనలు చదివితేనే తెలుస్తుంది.

ఒక నిర్ణయాన్ని పూర్తిగా చదువుదాం

ఈ భాగానికి నేను ఎంచుకున్నది 1969 నవంబర్ 25 నాటి నిర్ణయం. ఆ రోజు అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ జీవ ఆయుధాలను తమ దేశం పూర్తిగా వదులుకుంటోందని ప్రకటించాడు. దీన్నే ఎందుకు తీసుకున్నానంటే, దీని పత్రాల్లో చాలా భాగం రహస్య ముద్ర తొలగి బయటికొచ్చింది. బయటి మాటనీ లోపలి ఆదేశాన్నీ వాక్యం వెంట వాక్యం పోల్చి చూసే అవకాశం చదివేవారికి తరచుగా దొరకదు.

ముందు, ఆ నిర్ణయానికి వెనక ఏముందో చూడాలి. 1968 మార్చిలో యూటా రాష్ట్రంలో, డగ్‌వే సైనిక పరీక్షా కేంద్రానికి దగ్గర్లో వేలాది గొర్రెలు చనిపోయాయి. నరాల మీద పనిచేసే విషవాయువు పరీక్షే కారణమన్న అనుమానంతో పెద్ద దుమారం లేచింది. వియత్నాంలో బాష్పవాయువు, కలుపు మందులు వాడటంపై అప్పటికే విమర్శలున్నాయి. కొత్త రక్షణ మంత్రి మెల్విన్ లెయిర్డ్ సమీక్ష కావాలని అడిగాడు. 1969 మే 28న అధ్యక్షుడి జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్ సంతకంతో సమీక్షకు ఆదేశం వెళ్లింది. దాని సంఖ్య 59. ఇలాంటి సంఖ్యల్ని తప్పకుండా రాసుకోండి, పత్రభాండాగారాల్లో వెతికేటప్పుడు అవే దారి చూపిస్తాయి. జూలైలో బ్రిటన్ జెనీవాలో జీవ ఆయుధాల నిషేధానికి ఒక ముసాయిదా పెట్టింది. ఇవన్నీ వరసగా పెట్టి చూస్తే, నవంబర్ ప్రకటన ఒకరోజు పొద్దున్నే పుట్టిన ఆలోచన కాదని అర్థమవుతుంది.

ఇప్పుడు ప్రకటన. నిక్సన్ చెప్పిన ముఖ్యాంశాలివి: ప్రాణాంతక జీవ కారకాల వాడకాన్నీ, ఇతర జీవ యుద్ధ పద్ధతులన్నిటినీ వదులుకుంటాం, జీవ పరిశోధనను టీకాలు, భద్రతా చర్యల వంటి రక్షణ పనులకే పరిమితం చేస్తాం, ఉన్న నిల్వలను వదిలించుకునే ఏర్పాటు చేస్తాం, ప్రాణాంతక రసాయన ఆయుధాలను మేం ముందుగా వాడబోం, జెనీవా ప్రోటోకాల్‌ను సెనేట్‌కు పంపుతాం. ఇక్కడ కాసేపు ఆగండి. జీవ ఆయుధాల విషయంలో పూర్తిగా వదులుకుంటామన్నాడు, రసాయన ఆయుధాల విషయంలో ముందుగా వాడబోమని మాత్రమే అన్నాడు. రెండూ ఒకే ప్రసంగంలో ఉన్నాయి కాబట్టి రెంటికీ ఒకే హామీ ఇచ్చాడని వార్తలు చదివినవాళ్లు అనుకునే ప్రమాదం ఉంది. రసాయన నిల్వలు అలాగే ఉండిపోయాయి. 1997లో రసాయన ఆయుధాల ఒప్పందం అమల్లోకి వచ్చాక కూడా అమెరికా తన చివరి నిల్వను ధ్వంసం చేసింది 2023 జూలైలోనే.

అదే తేదీతో లోపలికి వెళ్లిన నిర్ణయ పత్రం సంఖ్య 35. ప్రకటనలోని మాటలు దాదాపు అన్నీ అందులో ఉన్నాయి. రక్షణ పరిశోధన గురించి చెప్పిన చోట మాత్రం ఇంకో వాక్యం కలిసింది. రక్షణ చర్యలేం కావాలో తేల్చుకోవడానికి అవసరమైనంత మేరకు, దాడికి సంబంధించిన అంశాల మీద పరిశోధనకు ఇది అడ్డు కాదని ఆ వాక్యం సారాంశం. ప్రజలు విన్న ప్రసంగంలో ఈ మాట లేదు. ఇది మోసమని వెంటనే తీర్పు చెప్పేయకండి. ఒక సూక్ష్మజీవి ఎలా దాడి చేస్తుందో తెలియకుండా టీకా తయారుచేయలేమని శాస్త్రవేత్తలు వాదిస్తారు, ఆ వాదనలో బలముంది. అలాగని తేలిగ్గా వదిలేయడానికీ లేదు. రక్షణ పరిశోధన ఎక్కడ ఆగి దాడి పరిశోధన ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్న ఈరోజుకీ జీవ ఆయుధాల ఒప్పందం చుట్టూ నడుస్తూనే ఉంది. మీ నోట్సులో ఆ వాక్యాన్ని యథాతథంగా రాసుకోండి. ప్రకటనలో అది లేదన్న సంగతి దాని పక్కనే రాయండి. అభిప్రాయం తర్వాత చూసుకోవచ్చు.

నవంబర్ నిర్ణయంలో ఇంకో ఖాళీ ఉంది. బ్యాక్టీరియా వంటి జీవులు తయారుచేసే విషపదార్థాలు, అంటే టాక్సిన్లు, ఏ లెక్కలోకి వస్తాయి? అవి జీవం నుంచి వస్తాయి, కానీ రసాయనాల్లాగే పనిచేస్తాయి. జీవ ఆయుధాలైతే వదులుకోవాలి, రసాయన ఆయుధాలైతే ఉంచుకోవచ్చు. కొన్ని నెలలు చర్చ జరిగింది. 1970 ఫిబ్రవరి 14న, ఏ విధంగా తయారైనా సరే టాక్సిన్లను కూడా వదులుకుంటామని ప్రభుత్వం ప్రకటించింది. కాబట్టి "1969లో అమెరికా జీవ ఆయుధాలను వదిలేసింది" అనే ఒక్క వాక్యం అసంపూర్తి. ఆ నిర్ణయం ఒక ఆకారానికి వచ్చేసరికి మరో ఏడాది మొదలైంది.

ఇక నాలుగో అంచె, నేల మీద జరిగింది. 1975 సెప్టెంబర్‌లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ నాయకత్వంలోని సంఘం బహిరంగ విచారణ జరిపింది. నత్తగుల్లల నుంచి తీసిన ఒక టాక్సిన్‌ను దాదాపు 11 గ్రాములు, అధ్యక్షుడి ఆదేశానికి విరుద్ధంగా గూఢచార సంస్థ సీఐఏ దాచి ఉంచినట్టు అందులో బయటపడింది. ఆ సంస్థ అధిపతి విలియం కోల్బీయే సంఘం ముందు ఆ సంగతి చెప్పాడు. ఆదేశం ఉంది, అందులో సందేహం లేదు. కానీ ఆదేశం అమలైందో లేదో చూసే ఏర్పాటు బలహీనంగా ఉంది. విచారణ రికార్డులు చదవకుండా విధాన పత్రాలతో ఆపేసినవారికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

చట్టసభ సంగతి మిగిలింది. జెనీవా ప్రోటోకాల్‌ను 1970లో సెనేట్‌కు పంపారు. బాష్పవాయువు, కలుపు మందులు దాని పరిధిలోకి రావని ప్రభుత్వం అంది, సెనేట్ సంఘం ఒప్పుకోలేదు. అలా నాలుగేళ్లు నలిగింది. చివరికి 1974 డిసెంబర్‌లో సెనేట్ సమ్మతించింది, 1975 జనవరిలో అధ్యక్షుడు ఫోర్డ్ ధ్రువీకరించాడు. 1925లో సంతకం పెట్టిన ఒప్పందం అది.

కాగితం ఒక్కటే చాలనప్పుడు

పై ఉదాహరణలో పత్రాలు దొరికాయి. అన్ని చోట్లా దొరకవు. జీవ ఆయుధాల నిషేధ ఒప్పందం 1972లో సంతకాలకు వచ్చి 1975 మార్చి 26న అమల్లోకి వచ్చింది. ఆ ఒప్పంద పత్రాలను భద్రపరిచే బాధ్యత తీసుకున్న మూడు ప్రభుత్వాల్లో సోవియట్ యూనియన్ ఒకటి. అదే సోవియట్ యూనియన్ ఆ తర్వాత కూడా రహస్యంగా జీవ ఆయుధాల కార్యక్రమం నడిపింది. 1979 ఏప్రిల్‌లో స్వెర్ద్‌లోవ్‌స్క్ నగరంలో సైనిక కేంద్రం నుంచి ఆంథ్రాక్స్ వ్యాధిని కలిగించే సూక్ష్మజీవులు బయటికి వచ్చి కనీసం 66 మంది చనిపోయారు. కలుషితమైన మాంసమే కారణమని ప్రభుత్వం చెప్పింది. 1992లో రష్యా అధ్యక్షుడు బోరిస్ యెల్త్సిన్ నిజం ఒప్పుకున్నాడు. చనిపోయినవారి కుటుంబాలకు పదమూడేళ్లు అబద్ధమే అధికారిక సమాధానం. మనం ఈ విద్యను శ్రద్ధగా నేర్చుకోవాల్సిన కారణం నాకు ఇక్కడే అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది.

దీన్నుంచి మన పద్ధతికి వచ్చేదేమిటంటే, ఒప్పందంలో ఉన్నదాన్ని ఎంత జాగ్రత్తగా చదువుతామో లేనిదాన్నీ అంతే జాగ్రత్తగా చదవాలి. రసాయన ఆయుధాల ఒప్పందానికి హేగ్‌లో ఒక సంస్థ, తనిఖీదారులు, ప్రకటించాల్సిన పదార్థాల పట్టికలు ఉన్నాయి. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం కింద వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీలు చేస్తుంది. జీవ ఆయుధాల ఒప్పందానికి అలాంటి తనిఖీ వ్యవస్థే లేదు. దాన్ని తేవడానికి జరిగిన చర్చలు 2001లో అమెరికా వ్యతిరేకతతో కూలిపోయాయి. ఏ దేశం గురించి రాసినా, "ఈ హామీని ఎవరు, ఎలా సరిచూస్తారు?" అనే ప్రశ్నకు జవాబు మీ నోట్సులో ఉండాలి. జవాబు "ఎవరూ లేరు" అయితే అదే రాయండి.

పత్రాలు ఎక్కడ దొరుకుతాయన్నది వచ్చే భాగంలో వివరంగా చూద్దాం. ప్రస్తుతానికి రెండు చోట్లు చెబుతాను. ఏటా అక్టోబర్, నవంబర్ నెలల్లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ మొదటి కమిటీ నిరాయుధీకరణ తీర్మానాలపై ఓటేస్తుంది. ఓటు కంటే ఓటుకు దేశాలు ఇచ్చుకునే వివరణ చదవండి, అసలు కారణాలు అక్కడే బయటపడతాయి. రెండోది, 2004 ఏప్రిల్ 28 నాటి భద్రతా మండలి తీర్మానం 1540. ఈ ఆయుధాలు ప్రభుత్వేతర శక్తుల చేతికి చిక్కకుండా చట్టాలు చేయాలని అది అన్ని దేశాలనూ ఆదేశించింది, చేసిన పనిపై నివేదికలు అడిగింది. భారత్ 2005లో చేసిన సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం, ఆర్థిక సాయాన్నీ నిషేధిస్తూ 2022లో తెచ్చిన సవరణ ఈ నేపథ్యంలో చదవాల్సినవి.

ఒక హెచ్చరిక కూడా. ఆయుధం ఎలా తయారవుతుందో తెలుసుకోకుండానే ఈ పని మొత్తం చేయవచ్చు. విధాన పరిశోధనకు కావలసింది తేదీలు, సంతకాలు, ఓట్లు, చట్టాల సెక్షన్లు, బడ్జెట్ పద్దులు. వెతుకులాటలో తయారీ వివరాలు ఎదురైతే వాటిని చదవకుండా దాటి వెళ్లిపోండి, నోట్సులోకి ఎక్కించనూ వద్దు.

ఈ వారం అభ్యాసం

2003 జనవరి 4న భారత ప్రభుత్వం అణు సిద్ధాంతంపై విడుదల చేసిన ప్రకటన తీసుకోండి. చిన్నదే, రెండు పేజీలకు మించదు. అణ్వస్త్రాలను ముందుగా ప్రయోగించబోమన్న వాక్యాన్ని గుర్తించండి. తర్వాత, జీవ లేదా రసాయన ఆయుధాలతో పెద్ద దాడి జరిగితే అణ్వస్త్రాలతో ప్రతిస్పందించే అవకాశం ఉంచుకుంటామన్న వాక్యాన్ని వెతికి పట్టుకోండి. రెండూ కలిపి చదివితే మొదటి హామీ పరిధి ఎంతవరకు మారిందో మీ మాటల్లో ఒక పేరా రాయండి. ఆ పైన 1999 ఆగస్టులో వెలువడిన ముసాయిదాను పక్కన పెట్టి, ఈ రెండో వాక్యం అందులో ఉందో లేదో చూడండి. దొరికినది తేదీతో, పత్రం పేరుతో రాసుకోండి. నాలుగో భాగంలో ఆ పేరా దగ్గర్నుంచే మొదలుపెడతాం.