డేటా దాచే టేపు కార్ట్రిడ్జ్‌లను ఎంచుకోవడం, కాపాడుకోవడం ఎలా?

2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరు జీమెయిల్ వినియోగదారుల ఖాతాలు ఖాళీ అయ్యాయి. గూగుల్ ఉత్తరాలను ఒకటికి మించిన డేటా కేంద్రాల్లో ఉంచుతుంది. అయినా ఆ లోపం అక్కడి ప్రతులకూ పాకింది. చివరికి అయస్కాంత టేపుల్లో విడిగా దాచిన ప్రతుల నుంచే వాటిని తిరిగి తెచ్చారు. టేపు బలం అదే. టేపును చదివే, రాసే యంత్రమైన డ్రైవ్ నుంచి తీసి అల్మారాలో పెట్టిన కార్ట్రిడ్జ్‌ను, అంటే టేపు చుట్టి ఉన్న డబ్బాను, వైరస్ గానీ, పొరపాటున ఇచ్చిన ఆదేశం గానీ చేరలేవు.

ముందు డ్రైవ్ సంగతి చూడండి

కార్ట్రిడ్జ్ ధర చూసే ముందు మీ డ్రైవ్ ఏ తరానిదో తెలుసుకోండి. ఇప్పుడు విస్తృతంగా వాడుతున్న రకం ఎల్‌టీఓ. 2000లో 100 గిగాబైట్లతో మొదలైన ఈ టేపు, 2021లో వచ్చిన తొమ్మిదో తరానికి 18 టెరాబైట్లకు చేరింది. అన్ని తరాల కార్ట్రిడ్జ్‌లూ చూడటానికి ఒకేలా ఉంటాయి, చిక్కంతా అక్కడే వస్తుంది. ఏడో తరం వరకు డ్రైవ్ తనకు రెండు తరాల ముందు టేపులను కూడా చదివేది. ఎనిమిదో తరం డ్రైవ్ ఏడు, ఎనిమిది తరాల టేపులకే పరిమితం. తొమ్మిదోది ఎనిమిది, తొమ్మిది తరాలకే. పదో తరం డ్రైవ్ తన తరం టేపులను తప్ప మరేవీ చదవదు. అందుకే ఆరో తరం టేపులు నిండా ఉన్నవారు కొత్త డ్రైవ్ కొన్నంత మాత్రాన పాత డేటా చేతికి వస్తుందనుకోకూడదు.

పెట్టె మీద రెండు సామర్థ్యాలు అచ్చువేసి ఉంటాయి. తొమ్మిదో తరం టేపుపై 18 టెరాబైట్లతో పాటు 45 అని కూడా కనిపిస్తుంది. ఆ రెండోది డేటా బాగా కుదించుకుపోతే వచ్చే లెక్క. వీడియోలు, ఫొటోలు అప్పటికే కుదించి ఉంటాయి కాబట్టి మీరు చిన్న అంకెనే నమ్మి ఎన్ని టేపులు కావాలో లెక్కవేయండి. ఒకసారి రాశాక ఎవరూ మార్చకూడని రికార్డులైతే, తిరగరాయడానికి వీల్లేని ‘వార్మ్’ రకం కార్ట్రిడ్జ్ తీసుకోండి.

వాడకం మొదలుపెట్టేటప్పుడు

బార్‌కోడ్ లేబుల్‌ను దానికి కేటాయించిన గుంటలోనే అంటించండి. మరోచోట అంటించిన కాగితం ముక్క ఊడిపోయి డ్రైవ్‌లో ఇరుక్కుంటుంది. తొమ్మిదో తరం కొత్త టేపును మొదటిసారి పెట్టినప్పుడు డ్రైవ్ దాన్ని కొలిచి సరిచూసుకుంటుంది. దీనికి రెండు గంటల వరకు పట్టవచ్చు. పాడైందని కంగారుపడి మధ్యలో ఆపేయకండి.

టేపు ఆగకుండా పరిగెత్తడానికి తయారైనది. డేటా అందడం ఆలస్యమైతే డ్రైవ్ ఆగి, టేపును వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు నడపాలి. ఇది పదేపదే జరిగితే సమయం వృథా కావడమే కాక టేపు, దాన్ని చదివే, రాసే భాగమైన హెడ్ రెండూ అరుగుతాయి. వేలాది చిన్న ఫైళ్లను విడివిడిగా పంపకుండా పెద్ద మూటలుగా కట్టి, వేగమైన డిస్కు మీద సిద్ధం చేసుకుని అక్కడి నుంచి రాయండి.

రాయడం పూర్తయ్యాక చాలామంది వదిలేసే పని ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే: తిరిగి చదివి చూడటం. రాసే ముందు ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే చిన్న సంకేతం, డేటా మారితే అదీ మారుతుంది) తీసి పెట్టుకోండి. తర్వాత టేపు నుంచి చదివి రెండూ సరిపోలాయో లేదో చూడండి. ఏ టేపులో ఏముందో చెప్పే జాబితా టేపు బయట కూడా ఉండాలి. ఎన్‌క్రిప్షన్ (డేటాను రహస్య సంకేతాల్లోకి మార్చడం) వాడుతుంటే, దాన్ని విప్పే డిజిటల్ తాళంచెవిని ఆ టేపులు కాపాడుతున్న సర్వర్‌లోనే దాచకండి. సర్వర్ పోయిన రోజున టేపు ఉండీ తెరుచుకోదు.

దాచడం, మోయడం

దీర్ఘకాలం నిల్వ ఉంచే గది 16 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ మధ్య, గాలిలో తేమ 20 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. కార్ట్రిడ్జ్‌ను దాని పెట్టెలో ఉంచి, అరలో పుస్తకాల్లా నిలబెట్టండి. స్పీకర్లు, మోటార్ల దగ్గర పెట్టవద్దు. బయటి నుంచి తెచ్చిన టేపును వెంటనే డ్రైవ్‌లో పెట్టకుండా, అది గది వాతావరణానికి అలవాటు పడేలా 24 గంటలు ఆగండి.

చేయి జారి కింద పడిన టేపు విషయంలో మరీ జాగ్రత్త. లోపల ఒకే రీలు ఉంటుంది. టేపు కొసన ఉన్న చిన్న పిన్నును పట్టుకునే డ్రైవ్ దాన్ని బయటికి లాగుతుంది. దెబ్బకు ఆ పిన్ను స్థానం తప్పితే కార్ట్రిడ్జ్‌తో పాటు డ్రైవ్ కూడా పాడవుతుంది. కార్ట్రిడ్జ్ తలుపు మెల్లగా తెరిచి పిన్ను ఉండాల్సిన చోటే ఉందో లేదో చూడండి. టేపును మాత్రం వేలితో తాకవద్దు. పగుళ్లు కనిపించినా, లోపల ఏదో కదులుతున్న చప్పుడు వచ్చినా డ్రైవ్‌లో పెట్టకండి.

క్లీనింగ్ కార్ట్రిడ్జ్‌ను డ్రైవ్ అడిగినప్పుడే వాడండి. అది హెడ్‌ను రుద్ది శుభ్రం చేస్తుంది కాబట్టి అతిగా వాడితే నష్టమే. సాధారణంగా 50 సార్లకు దాని పని అయిపోతుంది.

పాత టేపును ఖాళీ చేద్దామని అయస్కాంత యంత్రంలో పెట్టవద్దు. తయారీలోనే రాసిన, హెడ్‌కు దారి చూపే గుర్తులు కూడా చెరిగిపోయి, అది మళ్లీ దేనికీ పనికిరాదు. పారేయదలిచిన టేపుకైతే ఆ పద్ధతి సరిపోతుంది.

బాగా చూసుకుంటే టేపు 30 ఏళ్ల వరకు నిలుస్తుందని తయారీదారులు చెబుతారు. దాన్ని చదివే డ్రైవ్ అంతకాలం దొరకదు. కాబట్టి రెండు తరాలకోసారి డేటాను కొత్త టేపులకు మార్చండి. కొత్త ప్రతులు రెండు వేర్వేరు చోట్లకు చేరి, చెక్‌సమ్‌లన్నీ సరిపోలేదాకా పాత డ్రైవ్‌ను అమ్మకండి.