బోటు ఇంజన్‌లో ఉప్పునీళ్ల పంపు నీళ్లు తోడకపోతే ఎక్కణ్ణుంచి వెతకాలి

ఇంజన్ హీటెక్కుతోంది, ఇంజన్‌ని చల్లబరిచి బయటికి పోయే సముద్రపు నీళ్లు పక్క పైపులోంచి పడట్లేదు అనగానే చాలామంది స్పానర్ పట్టుకుని నేరుగా పంపు విప్పేస్తారు. అలా వద్దు. నీళ్లు ఏ దారిలో వస్తాయో ఆ దారిలోనే వెతుక్కుంటూ రండి, సముద్రం దగ్గర్నుంచి లోపలికి. సగం కేసుల్లో పంపు దాకా వెళ్లే పనే ఉండదు.

ముందు టెంపరేచర్ ముల్లు పైకెళ్తుంటే లోడ్ తీసేసి న్యూట్రల్‌లో స్లోకి తెచ్చి బయట పైపు చూడండి, నీళ్లు అస్సలు లేకపోతే ఇంజన్ ఆపేయండి. పంపులో నీళ్లు తోడే రబ్బరు రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్‌కి నీళ్లే లూబ్రికేషన్, ఎండుగా తిరిగితే నిమిషంలోనే పాడైపోవచ్చు. వేడి మీద ఇంజన్‌లో తిరిగే మంచినీళ్ల ట్యాంకు మూత తియ్యొద్దు, ఆవిరి మొహమ్మీదకి కొడుతుంది. వేడి ఇంజన్ మీద చన్నీళ్లు పొయ్యడం కూడా వద్దు, హెడ్ పగలొచ్చు.

ఇప్పుడు సముద్రపు నీళ్లు బోటులోకి వచ్చే చోటున్న వాల్వ్ తెరిచి ఉందా చూడండి, తర్వాత వాల్వ్ మూసి, చెత్త ఆపే స్ట్రైనర్ మూత తీసి జాలీ కడగండి. హార్బర్ దగ్గరైతే పాలిథిన్ కవర్లు, నైలాన్ వల ముక్కలు, సీజన్‌లో జెల్లీ ఫిష్, ఇవే ఎక్కువ. మూత తీసి ఉండగా వాల్వ్ కాస్త తెరిస్తే, స్ట్రైనర్ నీటిమట్టం కన్నా కిందుంటే నీళ్లు బలంగా ఎగదన్నాలి. బొటబొటా కారుతున్నాయంటే అడ్డం బయటే ఉంది, బోటు అడుగున జాలీకి గుల్లలు పట్టి ఉంటాయి.

స్ట్రైనర్ మూత రబ్బరు రింగు ఎండిపోయినా, హోస్ క్లిప్పు వదులైనా పంపు నీళ్ల బదులు గాలి లాగుతుంది, బయటికి మాత్రం ఏం కారదు కాబట్టి ఎవరూ అనుమానించరు. మూత పారదర్శకంగా ఉంటే ఇంజన్ నడుస్తుండగా లోపల బుడగలు కనపడతాయి. అలాగే రేజ్ చేసినప్పుడు పంపుకొచ్చే హోస్ మీద చూపుంచండి, మెత్తబడిన హోస్ పీల్పుకి పళ్లెంలా అతుక్కుపోతుంది, స్లోలో మళ్లీ మామూలైపోతుంది. స్లోలో బాగుండి స్పీడ్‌లో హీటెక్కే ఇంజన్ అయితే ఇది తప్పకుండా చూడాల్సిందే. బెల్ట్‌తో తిరిగే పంపైతే బెల్ట్ జారుతోందేమో కూడా ఓ చూపు.

ఇవన్నీ బాగుంటే అప్పుడు పంపు. వాల్వ్ మూసేసి, ఇంజన్ తాళం తీసి వాల్వ్ హ్యాండిల్‌కే తగిలించండి, తాళం కోసం వెళ్తే వాల్వ్ తెరవడం గుర్తొస్తుంది. కవర్ స్క్రూలు తీసి ఇంపెల్లర్‌ని పుల్లర్‌తో లాగండి, రెండు స్క్రూడ్రైవర్లతో పెకిలిస్తే ఇత్తడి బాడీ గీతలు పడుతుంది. ఒక్కో రెక్కనీ మొదలు దగ్గర వేలితో వంచి చూడండి, పగులు అక్కడే మొదలవుతుంది, మామూలుగా చూస్తే కనపడదు. మధ్యలో ఇత్తడి బుష్ నుంచి రబ్బరు ఊడి ఉత్తినే తిరుగుతోందా అన్నదీ చూడాలి, అలా అయితే షాఫ్ట్ తిరుగుతుంది, రెక్కలు తిరగవు. తూర్పు తీరంలో మనకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజులూ ఇంపెల్లర్ లోపలే ఉంటే నొక్కుకున్న రెక్కలు అలాగే వంగి బిగుసుకుపోతాయి, తీసి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోవడం మేలు, తీసినట్టు స్టార్ట్ స్విచ్ దగ్గర రాసిపెట్టండి.

రెక్క ముక్క ఊడిపోయి ఉంటే, ఆ ముక్క దొరికేదాకా పని అయిపోయినట్టు కాదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. అది నీళ్లతో పాటు ముందుకెళ్లి గేర్ ఆయిల్ కూలర్ నోట్లోనో హీట్ ఎక్స్‌ఛేంజర్ (సముద్రపు నీళ్లతో ఇంజన్ మంచినీళ్లని చల్లబరిచేది) ట్యూబుల ముందో ఇరుక్కుంటుంది, కొత్త ఇంపెల్లర్ వేసినా హీట్ తగ్గదు, పంపు మీద నింద. ఊడిన ముక్కల్ని పాత రెక్కల పక్కన పేర్చి లెక్క సరిపోయిందో లేదో చూసుకోండి.

కొత్తది ఎక్కించేటప్పుడు గ్రీజు వద్దు, పెట్రోలియం గ్రీజుకి రబ్బరు ఉబ్బుతుంది, గ్లిజరిన్ గానీ సబ్బునీళ్లు గానీ రాయండి. పంపు తిరిగే వైపుకే తిప్పుతూ లోపలికి నెట్టండి. కవర్ లోపలి వైపు గోరు తగిలేంత గాడి పడి ఉంటే పీల్పు పోతుంది, కవర్ మార్చాలి, కొన్ని పంపులకి తిరగేసి కూడా వాడొచ్చు. గాస్కెట్ కంపెనీ ఇచ్చిన మందమే వెయ్యాలి, మందంగా కత్తిరించి వేస్తే రెక్కల పక్కన సందు పెరిగి నీళ్లు అందుకోదు. వాల్వ్ తెరిచి స్టార్ట్ చేశాక అర నిమిషంలో నీళ్లు పడకపోతే ఆపేసి మళ్లీ చూడండి.

నీళ్లు ఫుల్‌గా పడుతున్నా హీట్ వస్తోందంటే పంపుది తప్పు కాదు, కూలర్ ట్యూబుల్లో ఉప్పు పేరుకోవడమో, మంచినీళ్లు తగ్గడమో, థర్మోస్టాటో (వేడిని బట్టి నీళ్లకి దారి తెరిచేది) చూడాలి.

ఇంకొకటి, పంపు బాడీ కింద చిన్న బెజ్జం ఉంటుంది. అందులోంచి ఉప్పునీళ్లు కారితే వాటర్ సీల్ పోయింది, ఆయిల్ కారితే ఆయిల్ సీల్ పోయింది. కారుతోందని దాన్ని ఎంసీల్ పెట్టి మూసేవాళ్లున్నారు, దయచేసి అలా చెయ్యకండి, గేర్‌తో తిరిగే పంపైతే ఆ ఉప్పునీళ్లు బయటికి దారి లేక ఇంజన్ ఆయిల్లోకి వెళ్తాయి, సీల్ ఖర్చు ఎక్కడ, క్రాంక్ బేరింగుల ఖర్చు ఎక్కడ.