యూనివర్సిటీ లైబ్రరీకి పోయేది ఫ్యాన్ కింద సీటు కోసమేనా అబ్బీ

మా చిన్నాయన కొడుకు ఈ ఏడు కడపలో పీజీలో చేరినాడు. లైబ్రరీకి పోతాండావా అని అడిగితే "రోజూ పోతాండా నా, పొద్దన్నే పోతే ఫ్యాన్ కింద సీటు దొరుకుతాది" అన్నాడు. అంటే ఇంటినుంచి గ్రూప్ టూ గైడ్లు సంచిలో ఏసుకోని పోయి, ఆడ కూర్చోని అవే చదువుకోని, సాయంత్రం ఎత్తుకోని వచ్చేస్తాడు. ఆ రీడింగ్ హాల్ చుట్టూ ఉండే ర్యాకుల్లో ఏముండాదో వానికి తెలీదు. నేనూ మొదటేడాది అంతే చేసినాలే, అందుకే ఇదంతా రాస్తాండా, వాడితో పాటు ఇంకెవరికైనా పనికొస్తాది.

ఫస్ట్ వారంలోనే లైబ్రరీ కార్డు చేపించుకో. ఐడీ కార్డు, ఫీజు రసీదు, ఫొటోలు పెట్టుకోని పో, ఇంకోసారి తిరిగే పని తప్పుతాది.

ఇంక పుస్తకం ఎతికేది. కంప్యూటర్లో ఓపాక్ అని లైబ్రరీ పుస్తకాల జాబితా ఉంటాది, అందులో పేరు కొడితే కాల్ నంబర్, అంటే ఆ పుస్తకం ఏ ర్యాకులో ఉండాదో చెప్పే నంబర్ వస్తాది, అది రాసుకోని ర్యాకుల్లోకి పోవాల. మన దగ్గర ఎక్కువగా డ్యూయీ నంబర్లే, అంటే ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో నంబర్. తెలుగు సాహిత్యం 894.827, తెలుగు భాష, వ్యాకరణం, నిఘంటువులు 494.827. చూడ్డానికి ఒకే మాదిరి ఉంటాయి గానీ మధ్యలో ఎన్నో బీరువాలు ఉంటాయి, తెలుగు ఎమ్మే పిల్లోళ్లు సగం మంది ఈడ్నే తప్పుతారు. ఇంకో తిరకాసు చెప్తా. హిస్టరీలో 954.035 ముందుంటాదా, 954.04 ముందుంటాదా? ముప్పై అయిదు పెద్దది కదా అని నేను 04 దాటుకోని ముందుకు పోయి అరగంట ఎతికినా. చుక్క తర్వాత ఒక్కో అంకె ఇడగొట్టి చూడాల, సున్నా సున్నా సమానం, తర్వాత మూడు, నాలుగు, అంటే 035 నే ముందు. 035 బ్రిటిషోళ్ల కాలం, 04 స్వాతంత్ర్యం వచ్చినాక అని పెట్టుకుంటే మర్చిపోవు. అయినా దొరక్కపోతే అటు పక్క ఇటు పక్క పుస్తకాలు, ఎనక వరస, రీడింగ్ టేబుళ్లు చూడు, చదివినోళ్లు యాడంటే ఆడ పెట్టిపోతారు. అప్పటికీ లేకుంటే గమ్మున రాకుండా కౌంటర్లో అడుగు. లైబ్రరీలో శానా పనులు అడిగినోళ్లకే జరుగుతాయి, అడగనోళ్లకి ఫ్యానే.

పాత జర్నల్స్ బైండు చేసి పెట్టుంటారు, రిఫరెన్స్ పుస్తకాలు ఇంటికియ్యరు, జిరాక్స్ తీసుకోవల్సిందే.

రీసెర్చ్ చేసేటోళ్లు టాపిక్ అనుకున్న రోజే శోధ్‌గంగ అనే వెబ్‌సైట్ చూడాల. దేశంలో యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు చాప్టర్ చాప్టర్‌గా పీడీఎఫ్‌లు ఉంటాయి, లాగిన్ లేదు, రూపాయి లేదు. తెలుగు టాపిక్ అయితే తెలుగులో ఒకసారి, ఇంగ్లీష్ అక్షరాల్లో ఒకసారి కొట్టు, ఎందుకంటే పేర్లు ఎవరికి తోచినట్ల వాళ్లు ఎక్కించినారు. చివర్లో బిబ్లియోగ్రఫీ పేజీలు ముందు దించుకో, నువ్వు ఆర్నెల్లు ఎతకాల్సిన పుస్తకాల పేర్లు ఆడ రెడీగా ఉంటాయి. జర్నల్స్ అయితే 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని సెంట్రల్ గవర్నమెంట్ స్కీము వచ్చింది, 30 మంది పబ్లిషర్లవి 13,000 పైన జర్నల్స్ గవర్నమెంట్ యూనివర్సిటీలకి, కాలేజీలకి అందుబాటులో ఉంటాయి. ఇంట్లోనుంచి తెరుచుకోకుంటే క్యాంపస్ నెట్‌లో చూడు, లేదా లాగిన్ ఇమ్మని లైబ్రరీలోనే అడుగు.

కడపలో ఉండి ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ లైబ్రరీ చూడకుంటే మాత్రం నాకు కోపమొస్తాది. 1820లో కడపకొచ్చిన ఆ దొర ఈడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టి తాళపత్రాలు ఎతికించి, రాయించి, దిద్దించినాడు. ఆ బంగళా కూలిపోయిన జాగాలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి లైబ్రరీ కట్టించినారు, ఇప్పుడది యోగి వేమన యూనివర్సిటీ కింద ఉండాది. తాళపత్రాలు చూడాలంటే వట్టి చేతుల్తో పోవద్దు, నీ రీసెర్చ్ గైడ్ సార్ దగ్గర ఒక లెటర్ రాయించుకో, పెన్ను జేబులోనే ఉంచి పెన్సిల్‌తో రాసుకో.

చివరిగా నో డ్యూస్, అంటే లైబ్రరీకి నువ్వు ఏమీ బాకీ లేవని ఇచ్చే కాగితం. నేను చదివిన చోటు పేరొద్దులే, రూమ్మేట్ అడిగితే నా కార్డు మీద ఒక ఎకనామిక్స్ పుస్తకం తీసిచ్చినా. వాడు ఊరికి పోయినాడు, పుస్తకమూ వానితో పోయింది. రెండేళ్ల తర్వాత టీసీకి పోతే కౌంటర్లో ఆ పుస్తకం పేరు చదివినారు. ఫైన్ కాకుండా పుస్తకం ధర కూడా కట్టి, రసీదు పట్టుకోని మూడు రోజులు తిరిగినా. నీ కార్డు ఎవురికీ ఇయ్యొద్దు, పుస్తకం వాపస్ ఇచ్చినప్పుడు నీ పేరు మీద కొట్టేసినారో లేదో ఆడ్నే నిలబడి చూసుకోనే కదులు.