డీజిల్ లైన్‌లో ఎయిర్ పట్టిందా? తీయండిలా

ట్యాంకు ఎండేదాకా నడిపినా, ఫిల్టర్ మార్చినా డీజిల్ లైన్‌లోకి గాలి చేరుతుంది. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. గాలి నొక్కుకుపోతుంది కాబట్టి ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ముక్కు) తెరుచుకునేంత ప్రెషర్ రాదు.

ముందు ట్యాంకులో కనీసం 10 లీటర్లు పోసి, కాక్ (డీజిల్ వదిలే కుళాయి) తెరవండి. ఫిల్టర్ల చుట్టూ మట్టి తుడవండి; పానా పెట్టాక తుడిస్తే ఆ మట్టి లోపలికే పోతుంది.

ట్యాంకు వైపున్న మొదటి ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూను (గాలి వదిలే స్క్రూ) రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) లివర్‌ను చేత్తో కొట్టండి. మొదట తెల్లటి నురగ, తర్వాత బుడగలు, చివరికి సన్నని ధారగా శుభ్రమైన డీజిల్ వస్తుంది. ధార పడుతుండగానే స్క్రూ బిగించాలి. కొట్టడం ఆపి బిగిస్తే గాలి మళ్లీ లోపలే. తర్వాత రెండో ఫిల్టర్, ఆపై ఇంజెక్షన్ పంపు (ఇంజెక్టర్లకు ప్రెషర్‌తో డీజిల్ పంపేది) స్క్రూ, ఇదే వరుస.

ఫీడ్ పంపు లివర్ ఊరికే ఊగుతుంటే పంపు పోయిందనుకోకండి. లోపల ఆ పంపును నడిపే క్యామ్ (ఇంజన్‌తో తిరిగే ఎత్తుపల్లాల చక్రం) ఎత్తు మీద ఆగి ఉంటుంది. ఇంజన్‌ను కాస్త తిప్పి చూడండి.

అప్పటికీ స్టార్ట్ కాకపోతే ఇంజెక్టర్ల దగ్గర పైపు నట్లు అర చుట్టు వదిలి, యాక్సిలరేటర్ పూర్తిగా ఇచ్చి, సెల్ఫ్ పది సెకన్లకు మించకుండా కొట్టండి. డీజిల్ చిమ్మగానే బిగించండి. చెయ్యి అడ్డం పెట్టొద్దు, ఆ ప్రెషర్ చర్మంలోకి దిగుతుంది. కామన్ రైల్ బండికైతే (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే హై ప్రెషర్ పైపు ఉండే కొత్త రకం) ఈ నట్లు ముట్టుకోనే కూడదు.

రెండు రోజులకే మళ్లీ ఎయిర్ పడితే రాగి వాషర్లు, ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు క్లిప్పులు చూడండి. అక్కడ డీజిల్ కారకపోయినా గాలి పీల్చుకుంటుంది.