ఎండలు ముదిరేలోపు క్రోటన్ల జాగ్రత్తలు: ఆకు రాలిందని నీళ్లు పోయకండి

మొన్న మా వీధిలో ఒక అక్క ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. కడియం నర్సరీ నుంచి ఇష్టపడి తెచ్చుకున్న 14 క్రోటన్లలో 9 పోయాయి. ఎండదెబ్బ అనుకుంటోంది. నేను వెళ్లి ఒక కుండీ బోర్లించి చూశాను. వేళ్లు నల్లబడి మెత్తగా ఉన్నాయి, పట్టుకుని లాగితే పైతోలు చేతికి ఊడొచ్చి లోపల దారంలాంటి పీచు మిగిలింది, మురుగు కంపు. ఎండ కాదు, నీళ్లు చంపాయి వాటిని.

క్రోటన్ చోటు మారితే ఆకు రాలుస్తుంది. షేడ్‌నెట్ కింద పెరిగింది డాబా మీదికొచ్చినా, బాల్కనీలోది ఏసీ గదిలోకి పోయినా కొన్నాళ్లకు కింది ఆకులు రాలతాయి. చూడగానే మనకు టెన్షన్. దాహమేసిందేమో అని పొద్దున ఒక మగ్గు, సాయంత్రం ఒక మగ్గు. ఆకులు తగ్గిన మొక్క తాగే నీళ్లూ తగ్గుతాయి కదా, మట్టి ఆరదు, వేళ్లకు గాలాడదు, కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు, అందుకని మిగిలిన ఆకులు వాడతాయి. వాడాయని ఇంకో మగ్గు! నేను చూసిన క్రోటన్లలో ఎక్కువ ఇలాగే పోయాయి.

ఆకు రాలితే నీళ్లు పోయకండి. ముందు మట్టిలో రెండు కణుపుల లోతు వేలు గుచ్చండి. తడి తగిలితే ఆ పూట వద్దు. పొడిగా ఉంటే కింది రంధ్రంలోంచి కారేదాకా పోయండి. మే నెలలో నర్సరీ వాళ్లిచ్చే చిన్న నల్ల కవర్లలో మట్టి ఒక్క రోజులో ఎండిపోతుంది, పెద్ద కుండీ నాలుగు రోజులైనా ఆరకపోవచ్చు, అందుకే గడియారం చూసి పోయకూడదు. మోడైపోయినా పీకేయకండి, కాండం గోరుతో గీరండి, పైతోలు కింద పచ్చగా ఉంటే బతికే ఉంది, చిగురేస్తుంది.

గాలి పొడిబారితే ఎర్రనల్లి (ఆకు రసం పీల్చే కంటికి ఆనని పురుగు) వస్తుంది. ఆకు వెలిసినట్టై సన్నటి చుక్కలు పడితే, తెల్లకాగితం మీద దులిపి చూడండి, చుక్కలు పాకుతుంటే అదే. ఆకుల అడుగున నీళ్లతో గట్టిగా కడిగి, లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

ఇక మిగతావి. కుండీ కింద ప్లేటులో నీళ్లు నిలవనీయకండి. ఎండాకాలంలో కుండీ మార్చొద్దు. ఆకు రాల్చే మొక్కకు ఎరువు వేయొద్దు. డాబా పైపులో ముందు వచ్చే నీళ్లు సలసల కాగుతుంటాయి, వదిలేశాకే మొక్కకు పట్టండి. కుండీని గచ్చు మీద కాదు, ఇటుకల మీద పెట్టండి. రంగు కోసం పొద్దుటి ఎండ ఉండాలి, నడినెత్తి ఎండ వద్దు. కొమ్మ కోస్తే కారే పాలు కంట్లో పడనీయకండి, గ్లోవ్స్ వేసుకోండి, బట్టల మీద పడితే మరక పోదు. పసిపిల్లలకు, కుక్కలకు, పిల్లులకు అందనీయకండి. ఆకు రాలిందని నీళ్లు పోయకండి. ఊరెళ్తూ పక్కింటివాళ్లకు "రోజూ పోయండి" అని చెప్పి వెళ్లకండి, వాళ్ల వేలు పెట్టించి తడి ఎలా ఉంటుందో చూపించి వెళ్లండి.