ఆసనం వేయడం నుంచి వేయించడం దాకా: ఆశ్రమంలో ఉండి యోగా టీచర్ శిక్షణ పొందాలనుకునేవారికి

ఆసనాలు చక్కగా వేయగలిగినవారందరూ వాటిని ఇతరుల చేత చక్కగా వేయించలేరు. వేయడం ఒక విద్య, వేయించడం మరొక విద్య. నెల రోజుల పాటు ఆశ్రమంలోనో యోగ కేంద్రంలోనో ఉండి, అక్కడే తిని, అక్కడే పడుకుని చేసే టీచర్ ట్రైనింగ్ కోర్సు ప్రధానంగా ఈ రెండో విద్య కోసం ఏర్పడినది. 'ఆసనాలు అక్కడే నేర్పుతారు కదా' అనుకుని సాధన లేకుండా వెళ్ళినవారికి ఆ నెలంతా సొంత నడుముతోనూ సొంత మోకాళ్ళతోనూ సరిపోతుంది, ఎదుటివారి శరీరాన్ని గమనించే తీరిక దొరకదు. అందువల్ల ఏ కోర్సులో చేరాలి, చేరే ముందు ఏం చేయాలి, అక్కడి రోజులను ఎలా వాడుకోవాలి అన్న ప్రశ్నలన్నిటికీ నేను ఈ ఒక్క విషయాన్ని దృష్టిలో పెట్టుకునే సమాధానం చెబుతాను.

సర్టిఫికెట్టు సంగతి

ముందుగా సర్టిఫికెట్ల విషయంలో ఉన్న అయోమయం తొలగించుకోవాలి. మన దేశంలో ఆయుష్ మంత్రిత్వ శాఖ 2018లో యోగా సర్టిఫికేషన్ బోర్డును ఏర్పాటు చేసింది. ఈ బోర్డు టీచర్లకు పెట్టే పరీక్షల్లో మొదటి మెట్టు యోగా ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్, దాని తరువాతది యోగా వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్, ఆపైది యోగా టీచర్ అండ్ ఎవాల్యుయేటర్, చివరిది యోగా మాస్టర్. మొదటి మెట్టు పాఠ్యప్రణాళిక 200 గంటలది, రెండవది 400 గంటలది. ఇందులో రాత పరీక్షతో పాటు, పరీక్షకుల ఎదుట ఆసనాలు వేసి చూపడం, పాఠం చెప్పి చూపడం కూడా ఉంటాయి. బడుల్లోనూ ప్రభుత్వ కార్యక్రమాల్లోనూ పని చేయాలనుకునేవారికి ఈ దారి ఎక్కువగా ఉపయోగపడుతుంది.

రెండవది, రిషికేశ్ నుంచి గోవా దాకా ప్రకటనల్లో కనిపించే యోగా అలయన్స్ పేరు. ఇది 1999లో అమెరికాలో ఏర్పడిన ప్రైవేటు సంస్థ. మనకు సర్టిఫికెట్టు ఇచ్చేది మనం చదివిన కేంద్రమే తప్ప యోగా అలయన్స్ కాదు. అది తన ప్రమాణాలను పాటిస్తామన్న కేంద్రాలను నమోదు చేసుకుంటుంది, ఆ కేంద్రాల్లో చదివినవారు కావాలనుకుంటే రుసుము కట్టి తమ పేరును కూడా నమోదు చేసుకోవచ్చు. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళి అక్కడి స్టూడియోలో నేర్పాలనుకునేవారికి ఈ నమోదు అక్కరకు వస్తుంది. విజయవాడలోనో వరంగల్‌లోనో కాలనీ హాలులో తరగతి పెట్టుకునేవారికి దాని అవసరం అంతగా ఉండదు. మీరు ఎక్కడ, ఎవరికి నేర్పబోతున్నారో తేల్చుకున్న తరువాతే డబ్బు కట్టండి.

కేంద్రాన్ని ఎంచుకోవడం

పేరున్న కేంద్రాలన్నీ ఒకే పద్ధతిలో నేర్పవు. లోనావ్‌లాలోని కైవల్యధామను స్వామి కువలయానంద 1924లో స్థాపించారు. ప్రాణాయామం చేసేటప్పుడు, శరీరాన్ని లోపల శుభ్రం చేసే క్రియలు చేసేటప్పుడు శరీరంలో ఏం జరుగుతుందో యంత్రాలతో కొలిచి చూసిన సంప్రదాయం అది. బెంగళూరు శివార్లలో జిగణి దగ్గరి ప్రశాంతి కుటీరంలో ఉన్న ఎస్-వ్యాస విశ్వవిద్యాలయం రోగుల కోసం యోగను ఎలా మలచాలన్న విషయానికి పెద్ద పీట వేస్తుంది. కేరళలో తిరువనంతపురానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో నెయ్యార్ డ్యామ్ పక్కన ఉన్న శివానంద ఆశ్రమంలో 12 మూలాసనాల వరుస, సూర్య నమస్కారాలు, భగవద్గీత, కీర్తన అన్నీ కలిసి సాగుతాయి. స్వామి విష్ణుదేవానంద 1969లో మొదలుపెట్టిన నాలుగు వారాల శిక్షణ పద్ధతి ఇది. సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ నేరుగా తిరువనంతపురం చేరుస్తుంది కనుక మన ప్రాంతాల వారికి ప్రయాణం కష్టం కాదు. భజనలో కూర్చోవడం ఇష్టం లేనివారు అలాంటి చోట చేరి నెల రోజులు ఇబ్బంది పడడం కంటే, ముందే తెలుసుకుని మరొక కేంద్రాన్ని ఎంచుకోవడం మేలు.

ఏ కేంద్రమైనా సరే, చేరే ముందు ఫోన్ చేసి ఒక ప్రశ్న తప్పక అడగండి: 'కోర్సు ముగిసేలోగా నేను ఎన్నిసార్లు, ఎంతమందికి, ఎంతసేపు పాఠం చెబుతాను?' దీనికి సూటిగా జవాబు వస్తే ఆ కేంద్రం టీచర్లను తయారు చేస్తోందని అర్థం. గది ఫోటోలు, గంగ ఒడ్డు ఫోటోలు పంపి ఈ ప్రశ్నను దాటవేస్తే అక్కడ చేరకండి. బోధన ఏ భాషలో సాగుతుందో కూడా అడగాలి. చాలా చోట్ల ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది కనుక తెలుగు మాధ్యమంలో చదివినవారు పాఠ్యపుస్తకాన్ని ముందే తెప్పించుకుని ఒకసారి చదివి వెళ్ళడం మంచిది. కాలాన్ని కూడా చూసుకోండి. కేరళలో జూన్, జూలై నెలల్లో ఉతికిన బట్టలు ఆరవు, రిషికేశ్‌లో జనవరి తెల్లవారుజామున స్నానం కష్టం.

మూడు నెలల ముందు నుంచి

రోజూ గంటన్నర సాధన మూడు నెలల ముందే మొదలుపెట్టాలి. శీర్షాసనం, మయూరాసనం రాలేదని దిగులు పడనవసరం లేదు, వాటి కోసం తొందరపడి మెడ పాడు చేసుకోకూడదు. అంతకంటే ముఖ్యమైనది నేల మీద కూర్చునే అలవాటు. ఇప్పుడు మనలో చాలామందికి భోజనం బల్ల మీద, పని కుర్చీలో, పడక మంచం మీద కావడంతో అరగంట బాసింపట్టు వేసుకుని కూర్చునే శక్తి పోయింది. ఆశ్రమంలో సత్సంగం, పాఠం, భోజనం అన్నీ నేల మీదే. నేను వెళ్ళినప్పుడు మొదటి వారం రోజుల పాటు ఉపన్యాసంలో ఏం చెప్పారో నా పుస్తకంలో సగమే ఉంది, తక్కిన సగం సమయం మోకాలి నొప్పి తీసుకుంది. పిరుదుల కింద మడిచిన దుప్పటి పెట్టుకుంటే తుంటి ఎత్తుగా ఉండి మోకాళ్ళు కిందికి వాలతాయి, వెన్ను తనంతట తానే నిలబడుతుంది. ఇంట్లో అన్నం తినేటప్పుడు, టీవీ చూసేటప్పుడు ఇలా కూర్చోవడం మొదలుపెట్టండి.

కాఫీ, టీలు కూడా పదిహేను రోజుల ముందు నుంచే తగ్గించాలి. ఒక్కసారిగా మానేస్తే మొదటి మూడు రోజులు తలనొప్పితో గడుస్తాయి. బీపీ, షుగరు, ఆస్తమా, హెర్నియా, గ్లకోమా, వెన్నుపూస జారడం, పాత ఆపరేషన్లు, ఇలాంటివి ఏవి ఉన్నా దరఖాస్తులో దాచకుండా రాయండి. చేర్చుకోరేమోనన్న భయంతో దాచి, ఊపిరిని వేగంగా బయటికి నెట్టే కపాలభాతిలోనో తలకిందుల ఆసనంలోనో ప్రమాదం తెచ్చుకోవడం కంటే వేరే ఏ నష్టమూ పెద్దది కాదు.

అక్కడి రోజు

నెయ్యార్ డ్యామ్ దినచర్యను ఉదాహరణగా తీసుకుంటే, తెల్లవారుజామున ఐదున్నరకు ముందే గంట మోగుతుంది. ఆరు గంటలకు సత్సంగం, ఎనిమిదికి రెండు గంటల ఆసన, ప్రాణాయామ తరగతి, పదికి మొదటి భోజనం. ఆ తరువాత కర్మయోగం, అంటే ఊడ్వడం, గిన్నెలు కడగడం, వడ్డించడం వంటి పని. ఆపైన గీత, మధ్యాహ్నం ముఖ్య ఉపన్యాసం, నాలుగుకు మళ్ళీ ఆసనాలు, ఆరుకు రెండవ భోజనం, ఎనిమిదికి సత్సంగం. హాజరు తప్పనిసరి, వారానికి ఒక్క రోజు కొంత విరామం. రోజుకు రెండే పూటల భోజనం అనగానే ఆకలికి భయపడి పళ్ళెం నింపుకునేవారిని చూశాను. కడుపులో నాలుగో వంతు ఖాళీగా వదలాలని హఠయోగ ప్రదీపిక చెప్పిన మితాహారం సాయంత్రం నాలుగు గంటల తరగతిలో వెల్లకిలా పడుకుని కాళ్ళను తల వెనక్కి వేసే హలాసనం వేసినప్పుడు బాగా అర్థమవుతుంది.

క్రియలు నేర్పే రోజున జాగ్రత్తగా వినండి, ఎందుకంటే రేపు మీరు వీటిని ఇతరులకు నేర్పేటప్పుడు చిన్న పొరపాటుకు కూడా బాధ్యత మీదే. జలనేతికి, అంటే ఉప్పునీటితో ముక్కును కడుక్కునే క్రియకు, మరిగించి చల్లార్చిన గోరువెచ్చని నీరు అర లీటరుకు సుమారు ఒక చెంచా ఉప్పు కలపాలి. ఉప్పు తక్కువైతే ముక్కు లోపల మండుతుంది. నోటితో ఊపిరి తీస్తూ తల పక్కకు వంచితే నీరు ఒక పుటంలోంచి వెళ్ళి మరొక పుటంలోంచి ధారగా వస్తుంది. చాలామంది ఇక్కడితో ముగిసిందనుకుంటారు. నడుము వంచి, తలను అటూ ఇటూ తిప్పుతూ, రెండు పుటాలూ తెరిచే ఉంచి, మెల్లగా ఊపిరి వదిలి లోపలి తడిని పూర్తిగా ఆరబెట్టడం కూడా క్రియలో భాగమే. ఒక పుటం మూసి గట్టిగా చీదితే నీరు చెవి వైపు వెళ్ళే ప్రమాదం ఉంది.

పాఠం చెప్పడం నేర్చుకునే తీరు

ఈ భాగం మీద మిగతా వాటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. రెండో వారం నుంచి శిక్షార్థులు ఒకరికొకరు పాఠం చెప్పుకుంటారు. నా ఎదుట భుజంగాసనంలో, అంటే బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తి ఉన్న తోటి శిక్షార్థి భుజాలు చెవుల దాకా లేచిపోయి ఉన్నాయి. 'భుజాలు వదులు చేయండి' అన్నాను. ఏమీ మారలేదు. మళ్ళీ అన్నాను, ఇంకా బిగుసుకున్నాయి. మా గురువుగారు దగ్గరికి వచ్చి, 'చెవులకూ భుజాలకూ మధ్య దూరం పెంచండి' అన్నారు, అంతే. రెండు భుజాలూ కిందికి దిగాయి, మెడ పొడుగైంది, ముఖంలో బిగువు పోయింది. వదులు చేయడం ఎలాగో తెలియకే శరీరం బిగుసుకుంటుంది, అందుకే ఎదుటివారికి చేయదగిన పని ఒకటి చెప్పాలి. ఆ రోజు నుంచి నేను ప్రతి ఆసనానికీ ఇలాంటి మాటలు రాసుకుంటూ వచ్చాను. కాళ్ళు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో 'తలను మోకాళ్ళకు ఆనించండి' అంటే వెన్ను గూనిలా వంగుతుంది. 'పొట్టను తొడల మీదకు తీసుకురండి, అవసరమైతే మోకాళ్ళు కాస్త మడవండి' అంటే తుంటి దగ్గర నుంచి వంగుతారు, నడుము క్షేమంగా ఉంటుంది.

కోర్సు ఇంగ్లీషులో సాగినా, మీరు నేర్పబోయేది తెలుగువారికైతే ప్రతి రాత్రీ ఆ రోజు మాటలను తెలుగులో పలికి చూసుకోండి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. పొడుగు వాక్యం చెబితే అది పూర్తయ్యేదాకా ఏం చేయాలో తెలియక ఎదుటివారు తల ఎత్తి మీ వైపు చూస్తారు, మెడ పట్టేస్తుంది. కనుక ముందు అవయవం, తరువాత దిక్కు, చివర పని: 'కుడి కాలు, పైకి, ఎత్తండి.' ఊపిరిని కదలికతో కలపడానికి మాత్రం మన భాష ఎంతో అనువైనది. 'ఊపిరి పీలుస్తూ చేతులు పైకి, వదులుతూ కిందికి' అన్నప్పుడు ఆ 'తూ' రెండు పనులూ ఒకేసారి జరగాలని చెప్పేస్తుంది. విద్యార్థులకు ఎదురుగా నిలబడినప్పుడు 'మీ కుడి చెయ్యి' అంటూ మీ ఎడమ చెయ్యి ఎత్తాలి. ఇది అలవాటు కావడానికి అద్దం ముందు వారం రోజులు పడుతుంది.

ముక్కుపుటాలను మార్చి మార్చి ఊపిరి తీసే అనులోమ విలోమంలో నాలుగు అంకెలు పీల్చి, పదహారు నిలిపి, ఎనిమిది వదలడం పుస్తకంలో ఉన్న లెక్క. కొత్తగా వచ్చినవారికి, ముఖ్యంగా బీపీ ఉన్నవారికి, గర్భిణులకు ఊపిరి నిలపడం చెప్పకూడదు. నిలపకుండా పీల్చి, దానికి రెట్టింపు సేపు వదిలితే చాలు. ఎవరికి ఏది చెప్పకూడదో ఒక పట్టికగా రాసుకుని కంఠస్థం చేయండి. పరీక్షలో ఇది అడుగుతారు, పరీక్ష తరువాత జీవితమంతా ఇదే అవసరం అవుతుంది.

కోర్సు చివరి రాత పరీక్షకు పతంజలి అష్టాంగాలు, నాడులు, చక్రాలు, గీతలోని ముఖ్య శ్లోకాలు, శరీర నిర్మాణం చదవాలి. రోజువారీ నోట్సు ఏ రోజుకు ఆ రోజు రాసినవారికి ఇందులో కష్టం లేదు.

తిరిగి వచ్చిన తరువాత

2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవ ప్రధాన వేడుక విశాఖ సాగరతీరంలో జరిగిన తరువాత మన ఊళ్ళలో యోగా టీచర్ల గురించి అడిగేవారు నాకు ఎక్కువగానే కనిపిస్తున్నారు. అయితే తరగతికి వచ్చేవారిలో చాలామంది మోకాళ్ళ నొప్పులతోనూ షుగరుతోనూ వచ్చే యాభై ఏళ్ళు దాటినవారే. 'ఏ ఆసనం వేస్తే షుగరు మాత్ర మానేయొచ్చమ్మా?' అని అడుగుతారు. మందుల విషయం డాక్టరుగారిదేనని స్పష్టంగా చెప్పండి. ప్రకృతి వైద్యులు ఐదున్నర సంవత్సరాలు బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగ డిగ్రీ) చదివి చేసే పనిని 200 గంటల శిక్షణతో మనం చేయబూనడం తప్పు. కింద కూర్చోలేనివారికి కుర్చీలో కూర్చోబెట్టి చేతులు, మెడ, చీలమండల కదలికలు, శ్వాస సాధన చేయించండి. వారి చేత అది శ్రద్ధగా చేయించగలిగితే మీ శిక్షణ ఫలించినట్లే.

తరగతి మొదలుపెట్టే ముందు ప్రతి ఒక్కరి చేత ఆరోగ్య వివరాలు రాయించుకుని సంతకం తీసుకోండి. మొదటి నెల ఎనిమిది మందికి మించి చేర్చుకోకండి. ఎనిమిది మందైతే ప్రతి ఆసనంలోనూ ప్రతి ఒక్కరి మెడనూ నడుమునూ ఒక్కసారైనా చూడగలుగుతారు.