గగన దూరం, ప్రయాణ కాలం – మూడో పాఠం: శంషాబాద్ నుంచి దుబాయ్‌కి

గత పాఠంలో అక్షాంశ, రేఖాంశాలను చదవడం నేర్చుకున్నాం. ఇప్పుడు రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్నీ, దాని నుంచి ప్రయాణ కాలాన్నీ లెక్క కడదాం. మామునూరు నుంచి ప్రయాణికుల విమానాలు నడవడం లేదు కనుక, వరంగల్ వారైనా, గల్ఫ్‌కు వెళ్లే జగిత్యాల, సిరిసిల్ల వారైనా లెక్కను శంషాబాద్ నుంచే మొదలుపెట్టాలి.

గోడ పటం మీద స్కేలు పెట్టి కొలవకండి. గుండ్రని భూమిని బల్లపరుపుగా పరిచినప్పుడు దూరాలు సాగిపోతాయి. బడిలో ఉండే గ్లోబు తీసుకోండి. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉంటే దాని చుట్టుకొలత సుమారు 94 సెంటీమీటర్లు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. అంటే గ్లోబు మీద ఒక్క సెంటీమీటరు దాదాపు 425 కిలోమీటర్లకు సమానం. దారం కొసను హైదరాబాద్ మీద బొటనవేలితో అదిమిపట్టి, దుబాయ్ దాకా వదులు లేకుండా లాగి, అక్కడ గోటితో పట్టుకుని స్కేలు మీద పరిస్తే ఆరు సెంటీమీటర్లు వస్తుంది. ఆరును 425తో గుణిస్తే 2,550 కిలోమీటర్లు. త్రికోణమితి సూత్రంతో చేసినా దాదాపు ఇదే అంకె వస్తుంది. అందుకే కొత్తగా నేర్చుకునేవారికి దారమే మేలని నా అభిప్రాయం. అదే దారాన్ని షికాగోకు బిగించి చూడండి, ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది.

ఇక కాలం. జెట్ విమానం ఎత్తుకు చేరాక గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుంటే, 2,550 కిలోమీటర్లకు మూడు గంటల ఐదు నిమిషాలు పడుతుంది. పైకి లేవడానికీ, కిందికి దిగడానికీ వేగం తగ్గుతుంది కనుక మరో అరగంట కలపాలి. చలికాలంలో పై ఎత్తుల్లో పడమటి నుంచి గాలి బలంగా వీస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే వెళ్లేటప్పుడు మొత్తం నాలుగు గంటలు అవుతుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనుక నుంచి తోస్తే మూడుంబావు గంటలు చాలు.

చాలామంది పొరబడేది టికెట్ దగ్గర. బయలుదేరే సమయం రాత్రి 10:00, చేరే సమయం 12:30 అని చూసి, కొడుకును సాగనంపిన తల్లి రెండున్నర గంటలకే ఫోన్ కోసం ఎదురుచూస్తుంది. మోగకపోతే ఆమెకు తెల్లవార్లూ నిద్ర పట్టదు. టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరి గడియారానిదే. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది. కాబట్టి కొడుకు దిగేది మన గడియారంలో రాత్రి రెండింటికి, అసలు ప్రయాణం నాలుగు గంటలు. పడమరకు పోయేటప్పుడు ఈ తేడాను కలపాలి, తిరుగు ప్రయాణంలో తీసివేయాలి. తేదీ మారిందేమో కూడా చూసుకోవాలి.

అభ్యాసం: శంషాబాద్ అక్షాంశం 17.24, ఢిల్లీ విమానాశ్రయానిది 28.57 డిగ్రీలు. రెండూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. ఒక్క డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు, ఒక నాటికల్ మైలుకు 1.852 కిలోమీటర్లు. దూరాన్నీ, గాలి లేనప్పటి ప్రయాణ కాలాన్నీ కనుక్కోండి. జవాబుతో నాలుగో పాఠం మొదలవుతుంది.